రోజుల తరబడి గుండెను గమనించే చొక్కా: హెక్సోస్కిన్ రివ్యూ

నమస్కారం. ఈ వీడియోలో కెనడాలోని మాంట్రియల్ నగరానికి చెందిన హెక్సోస్కిన్ చొక్కాను పరిశీలిద్దాం. ఒంటికి బిగుతుగా అతుక్కునే ఈ బనియనులో గుండె విద్యుత్ సంకేతాలను అందుకునే ఎలక్ట్రోడ్లు గుడ్డలోనే అమరి ఉంటాయి. ఛాతీ చుట్టూ, పొట్ట చుట్టూ శ్వాసను కొలిచే పట్టీలు ఉంటాయి. పక్క జేబులోని చిన్న రికార్డరు ఈసీజీని, అంటే ఆ సంకేతాల గీతను, సెకనుకు 256 సార్లు నమోదు చేస్తూ, శ్వాసనూ కదలికనూ కూడా దానితోపాటే భద్రపరుస్తుంది.

ఇంత ఏర్పాటు ఎందుకంటే, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే లయ దోషం చాలామందిలో వచ్చి పోతూ ఉంటుంది. ఆ సమయంలో గుండె పై గదుల్లో రక్తం సరిగా కదలక గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఆసుపత్రిలో తీసే ఈసీజీ పది సెకన్లది, చిన్న రికార్డరును ఒంటికి తగిలించుకుని తిరిగే హాల్టర్ పరీక్ష సాధారణంగా ఒకటి రెండు రోజులది. కారణం తెలియని పక్షవాతం వచ్చినవారిపై కెనడాలో జరిపి 2014లో ప్రచురించిన ఎంబ్రేస్ అధ్యయనంలో, 24 గంటల హాల్టర్ 3.2 శాతం మందిలో ఈ దోషాన్ని పట్టుకోగా, 30 రోజుల పరిశీలన 16.1 శాతం మందిలో పట్టుకుంది. ఆ అధ్యయనంలో వాడినది ఈ చొక్కా కాదు, ఛాతీకి కట్టుకునే బెల్టు. అయినా ఎన్ని రోజులు గమనించామన్నదే అసలు విషయమని ఆ అంకెలు తేల్చి చెప్పాయి. అన్ని రోజులు జిగురు ఎలక్ట్రోడ్లు అంటించుకుంటే చర్మం ఎర్రబడి దురద పుడుతుంది కనుక, గుడ్డ మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఇదే సంస్థ కెనడా అంతరిక్ష సంస్థ కోసం రూపొందించిన బయో మానిటర్ చొక్కాను వ్యోమగామి డేవిడ్ సెయింట్ జాక్ 2019లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ధరించి పరీక్షించారు.

ఇక లోటు విషయానికి వస్తే, గుడ్డ ఎలక్ట్రోడ్లకు జెల్ ఉండదు. చర్మం పొడిగా ఉన్నంతసేపూ సంకేతం బలహీనంగా వస్తుంది. అందుకే తొడుక్కునే ముందు వాటిని కొద్దిగా తడపాలి. తరువాత చెమటే ఆ పని చూసుకుంటుంది. ఆ లెక్కన మన కోస్తా ఉక్కపోత సంకేతానికి మేలే చేస్తుంది గాని, మే నెలలో ఈ బిగుతు బనియను రోజంతా భరించడం పెద్దవారికి నిజంగా కష్టం. చేయి ఎత్తినా, పక్కకు ఒరిగినా గుడ్డ చర్మం మీద జరిగి గీతలో అలజడి కనిపిస్తుంది. ఉతికిన కొద్దీ ఇలాంటి గుడ్డల వాహకత, అంటే విద్యుత్తును ప్రసరింపజేసే గుణం, తగ్గుతుంది కూడా.

మరొక మాట తప్పక చెప్పాలి. ఇది ఒక్క లీడ్ ఈసీజీ మాత్రమే, అంటే గుండెను ఒకే కోణం నుంచి చూస్తుంది. లయ తప్పిందా లేదా అన్నది చూపగలదు గాని, గుండెపోటును నిర్ధారించడానికి 12 లీడ్ల ఈసీజీయే కావాలి. ఛాతీలో నొప్పి వస్తే ఫోనులో గీతలు చూస్తూ కూర్చోకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఆరోగ్యంగా ఉండి కేవలం కుతూహలంతో కొనాలనుకునేవారికి నేను దీన్ని సూచించను. దీర్ఘకాల పరిశీలన అవసరమని మీ కార్డియాలజిస్టు చెప్పి, ఈ చొక్కా నమోదు చేసిన గీతలను తాను చదువుతానని ఒప్పుకుంటేనే కొనండి. కొనేటప్పుడు ఛాతీ చుట్టుకొలతను టేపుతో కొలిచి సైజు ఎంచుకోండి. వదులైన చొక్కాలో ఎలక్ట్రోడు చర్మాన్ని తాకదు.