ఐవీఐజీ ఎన్ని సీసాలు అని కాదు, ఎన్ని గ్రాములు అని అడగండి

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. ఇక్కడికి వచ్చినవాళ్లలో చాలామంది ఇంట్లో ఎవరికో ఒకరికి ఐవీఐజీ పెట్టించినవాళ్లో, పెట్టించాలని డాక్టరు చెప్తే కంగారుపడుతున్నవాళ్లో అయ్యుంటారు కాబట్టి అదేంటో ఎక్కువ చెప్పను. వేలమంది దాతల ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం కలిపి, అందులోంచి యాంటీబాడీలు వేరుచేసి, సెలైన్ లాగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఇప్పటికీ మనుషుల ప్లాస్మా నుంచే రావాలి, అందుకే అంత రేటు, అందుకే ఒక్కోసారి దొరకదు కూడా.

2025 జనవరిలో పుణెలో జీబీఎస్, అంటే మన రోగనిరోధక శక్తే మన నరాల మీద దాడి చేసి కాళ్లుచేతులు చచ్చుబడేలా చేసే గిలియన్ బారీ సిండ్రోమ్ కేసులు ఎక్కువయ్యాయి, ఆ తర్వాతి నెలలో మన గుంటూరు ప్రభుత్వ ఆస్పత్రి జీజీహెచ్‌లోనూ కేసులు చేరాయని పేపర్లలో వచ్చింది, గుర్తుందిగా. అప్పట్నుంచి ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న: "డాక్టరు గారూ, ఎన్ని సీసాలు పడతాయండీ?" డబ్బులు సర్దుకోవాలి కాబట్టి అడుగుతారు, తప్పులేదు. కానీ సీసా కొలత కాదండి. అదే వంద మిల్లీలీటర్ల సీసాలో ఐదు శాతం మందైతే 5 గ్రాములుంటుంది, పది శాతం మందైతే 10 గ్రాములుంటుంది. పక్క బెడ్డు వాళ్లకు పదే రాశారు, మాకు ఇరవై రాశారేంటని నర్సమ్మ మీద అరిచే ముందు ఆ లేబుల్ ఒకసారి చదవండి.

లెక్క మొత్తం బరువు మీదే నడుస్తుంది. జీబీఎస్‌కు కిలోకు మొత్తం 2 గ్రాములు, మామూలుగా దాన్ని ఐదు రోజులకు పంచుతారు, అంటే రోజుకు కిలోకు 0.4 గ్రాములు. యాభై కిలోల మనిషికి 100 గ్రాములు, రోజుకు 20. ఐదు శాతం సీసాలైతే రోజుకు నాలుగు, మొత్తం ఇరవై. ఇంత లెక్క వేసి చివరికి బరువు దగ్గర బోల్తా పడతాం! కాళ్లు పడిపోయి లేవలేని మనిషిని కాటా ఎక్కించలేక "ఓ అరవై ఉంటాడండీ" అంటారు ఇంట్లోవాళ్లు, అదే కేస్ షీట్‌లోకి ఎక్కుతుంది. మన మిర్చి యార్డులో టిక్కీ (మిర్చి బస్తా) బరువు అందాజుగా చెప్తే ఏ రైతైనా ఊరుకుంటాడా? పది కిలోలు తేడా వస్తే 20 గ్రాములు తేడా, అంటే ఐదు శాతం సీసాలు నాలుగు. ఈమధ్య ఏ ఆస్పత్రిలోనైనా చూపించిన చీటీ మీద బరువు రాసి ఉంటే అది వెంట తెచ్చుకోండి.

ఇక టైము. నడవలేని స్థితికి వచ్చిన జీబీఎస్ పేషెంటుకు లక్షణాలు మొదలైన రెండు వారాల లోపు ఇస్తే మేలు. తిమ్మిర్లే కదా అని నాటు మందు, గ్యాస్ మాత్రలు, నరాల బలానికి ఇంజెక్షన్లు అంటూ పది రోజులు తిరిగి వస్తే ఆ పది రోజులూ పోయినట్టే. ఐవీఐజీ దొరకకపోయినా, స్తోమత లేకపోయినా ప్లాస్మా ఎక్స్ఛేంజ్ (మిషన్ మీద పేషెంటు ప్లాస్మా తీసేసి మార్చడం) ఉంది, రెండింటి ఫలితం దాదాపు ఒకటే. ఒకటి చేసి దాని మీద రెండోది కూడా చేస్తే అదనంగా ఒరిగేదేం కనబడలేదు.

ఐదు రోజులు అయిపోతాయి. ఆరో రోజు పొద్దున పేషెంటు లేచి కూర్చోడు. ఇక్కడే అసలు టెన్షన్ మొదలవుతుంది. "మందు పనిచేయలేదు, ఇంకో కోర్సు పెట్టండి, పొలం అమ్మైనా కడతాం" అంటారు. దయచేసి ఆగండి. ఈ మందు నరాల మీద జరుగుతున్న దాడిని తగ్గిస్తుంది, అప్పటికే దెబ్బతిన్న నరం కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బాగా సీరియస్‌గా ఉన్నవాళ్లకు వెంటనే రెండో కోర్సు ఇస్తే ఉపయోగమేమైనా ఉంటుందా అని నెదర్లాండ్స్‌లో పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. ఉపయోగం లేదు, పైగా రక్తం గడ్డలు కట్టడం లాంటి ప్రమాదాలు పెరిగాయి. కాస్త మెరుగై మళ్లీ జారిపోయిన పేషెంటు సంగతి వేరు, వాళ్లకు మళ్లీ ఇస్తాం. అది డాక్టరు చూసి తేల్చాలి. పొలం మాత్రం ఫిజియోథెరపీకి, మంచి నర్సింగ్‌కు దాచుకోండి.

రెండు నెలలు దాటినా బలహీనత పెరుగుతూనే ఉంటే అది సీఐడీపీ, అంటే జీబీఎస్ లాంటిదే కానీ దీర్ఘకాలం సాగే నరాల జబ్బు కావచ్చు, దాని షెడ్యూల్ పూర్తిగా వేరు. మొదట అదే కిలోకు 2 గ్రాములు, రెండు నుంచి ఐదు రోజుల్లో. తర్వాత మూడు వారాలకోసారి కిలోకు 1 గ్రాము అన్నది అలవాటుగా మొదలుపెట్టే లెక్క. ఎక్కించిన యాంటీబాడీలు సుమారు మూడు వారాలకు సగమవుతాయి. మూడో వారంలో మెట్లెక్కడం కష్టమైతే, చొక్కా గుండీ పట్టు దొరక్కపోతే తేదీతో సహా రాసుకొని రండి. డోసు పెంచాలా, గ్యాప్ తగ్గించాలా అన్నది దాన్నిబట్టే తెలుస్తుంది. బాగానే ఉంటే తగ్గించి కూడా చూడాలి. ఏళ్ల తరబడి అలవాటుగా పెట్టించుకుంటూ పోకూడదు.

పిల్లలకు జ్వరంతో వచ్చి రక్తనాళాలు వాచే కవాసాకి జబ్బులో కిలోకు ఆ 2 గ్రాములూ ఒకేసారి, పది పన్నెండు గంటల్లో ఎక్కిస్తారు, జ్వరం మొదలైన పది రోజుల లోపు అయితే మంచిది. ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీలో కిలోకు 1 గ్రాము, ఒక రోజో రెండు రోజులో. పుట్టుకతోనే యాంటీబాడీలు తయారుకాని పిల్లలకు చిన్న డోసు, కిలోకు 0.4 నుంచి 0.6 గ్రాములు, మూడు నాలుగు వారాలకోసారి, చాలామందికి జీవితాంతం. మందు ఒకటే, జబ్బును బట్టి లెక్క మారుతుంది. వాట్సాప్‌లో బంధువుల ప్రిస్క్రిప్షన్ తెచ్చి పోల్చకండి.

మందు కొనేటప్పుడు మన కొత్తపేట మందుల షాపులో ఐస్ ప్యాక్‌తో ఇస్తారు, ఆటోలో ఎండలో పెట్టుకొని తిరగొద్దు. మందు ఐస్‌లా గడ్డకట్టనివ్వొద్దు, సీసా ఊపొద్దు, నురగ వస్తుంది. ఎక్కించేటప్పుడు మొదటి అరగంట చాలా మెల్లగా పోతుంది, కిలోకు గంటకు అర నుంచి ఒక మిల్లీలీటరు. బీపీ, టెంపరేచర్ చూసి అరగంటకోసారి పెంచుతారు. బస్సు టైమవుతోందని స్పీడు పెంచడానికి డ్రిప్ వీల్ తిప్పే పేషెంటు తాలూకు వాళ్లను చూశాను, అలా చేస్తే చలి, వణుకు, తలనొప్పి గ్యారంటీ. నీళ్లు బాగా తాగించండి. కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, కాళ్లలో రక్తం గడ్డ కట్టిన చరిత్ర ఉంటే సూది పెట్టకముందే చెప్పండి, అప్పుడు స్పీడు తగ్గిస్తాం, రోజులు పెంచుతాం. సీసా మీది స్టిక్కర్ పీకి కేస్ షీట్‌లో అంటిస్తున్నారో లేదో కూడా చూడండి, బ్యాచ్ నంబర్ అందులోనే ఉంటుంది. మర్నాడు మెడ పట్టేసి, వెలుతురు చూడలేనంత తలనొప్పి వస్తే ఇంట్లో మాత్ర వేసి పడుకోబెట్టకుండా తీసుకురండి.

పిల్లల తల్లులకు ఒక్క మాట. కిలోకు 2 గ్రాముల డోసు తీసుకున్న పిల్లలకు మీజిల్స్, చికెన్‌పాక్స్ టీకాలు పదకొండు నెలలు ఆపాలి, లేకపోతే టీకా సరిగా పట్టదు. టీకా కార్డు మీద ఐవీఐజీ పెట్టిన తేదీ రాయించుకోండి. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) సంగతి సీసాలు కొనకముందే ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి, కొన్నాక అడిగితే ఆయన మాత్రం ఏం చేస్తాడు.

ఇక మీ ప్రశ్నలు. చీటీలు రాసిచ్చినవాళ్లవి ముందు తీసుకుంటాను.