ఇత్తడి, చెక్క కలిసే చోట

శ్రోతలకు నమస్కారం. పాతకాలపు తుపాకుల్లో లోహాన్ని చెక్కలో కూర్చే పని గురించి ఈరోజు మాట్లాడుకుందాం.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని విలియమ్స్‌బర్గ్‌లో 18వ శతాబ్దపు పద్ధతిలోనే తుపాకులు చేసే పనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అక్కడి వాలస్ గస్లర్ అనే తుపాకీ పనివాడు ఒక రైఫిల్‌ని మొదటి నుంచి చివరిదాకా చేత్తో తయారుచేస్తుంటే తీసిన డాక్యుమెంటరీ 1969లో వచ్చింది.

మూతి నుంచి మందు కూరే చెకుముకి పిస్తోలు కనబడితే అందరూ చూసేది గొట్టాన్నీ, చెకుముకి రాయినీ. నాకైతే ఆ లోహాన్ని చెక్కలో కూర్చిన తీరులోనే అసలు పనితనం కనిపిస్తుంది.

ముందు గొట్టం కూర్చాలి. ఆ తర్వాతే లాక్, అంటే నిప్పురవ్వ పుట్టించే యంత్రం. నిప్పు లోపలికి పోయేందుకు గొట్టం పక్కనున్న చిన్న బెజ్జానికి సరిగ్గా ఎదురుగా లాక్ మీది మందుగిన్నె రావాలి కదా, అందుకే ఈ వరస.

లోహానికి దీపపు మసి, నూనె కలిపి పలచగా పూస్తారు. చెక్కలో తొలిచిన గాడిలో పెట్టి, మెల్లగా తట్టి, పైకి తీస్తారు. తగిలిన చోటల్లా నల్లటి మచ్చ పడుతుంది. ఆ మచ్చ మేరకే ఉలితో గీకుతారు. మళ్లీ మసి, మళ్లీ తట్టడం, మళ్లీ గీకడం. ఒక్క లాక్‌కే గంటలకు గంటలు పడుతుంది. తొందరపడి కాస్త ఎక్కువ తీశారా, సందు వచ్చేస్తుంది. దాన్ని ఏ లప్పంతో పూడ్చినా తెలిసినవాళ్ల కన్ను ఇట్టే పట్టేస్తుంది.

లాక్ లోపలి వైపు ఇంకా కష్టం. స్ప్రింగుకి చెక్క రాసుకుంటే రాయి దెబ్బ సరిగా పడదు. అలాగని ధారాళంగా తొలిచేస్తే చెక్క బలహీనమై అక్కడే పగులుతుంది. కదిలే భాగానికి ఎంత కావాలో అంతే ఖాళీ ఇవ్వాలి.

ఇక ట్రిగ్గర్‌కి కాపుగా ఉండే వంపు, పిడి చివరి తొడుగు ఇత్తడితో పోత పోస్తారు. వాటి అంచులను ఆకురాయితో లోపలికి కొంచెం ఏటవాలుగా రాస్తారు. దాంతో దిగేకొద్దీ చెక్కలో బిగుసుకుంటాయి. ఇత్తడిని వెంట్రుకవాసి ఎత్తులో ఉంచి, చివర్లో ఇత్తడినీ చెక్కనీ కలిపి ఒకే మట్టానికి రాస్తారు. వేలితో తడిమితే ఏది ఎక్కడ మొదలైందో తెలియకూడదు.

గొట్టాన్ని చెక్కకు పట్టి ఉంచేవి అడ్డంగా దూర్చిన సన్నటి పిన్నులు. గొట్టం అడుగున చెవుల్లా ఉండే చిన్న లోహపు ముక్కల్లో ఆ పిన్ను దూరే బెజ్జాన్ని గుండ్రంగా వదిలేయరు, పొడవు వైపు కాస్త సాగదీస్తారు. వానలకు చెక్క ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది, ఇనుము మాత్రం దానితోపాటు కదలదు. ఆ కాస్త చోటు ఉంటే ఏ కాలంలోనైనా చెక్క మీద ఒత్తిడి పడదు.