కోచ్‌కి కోచింగ్ ఎవరిస్తారు?

యాంకర్: నమస్కారం. పతకం వచ్చిన రోజు కోచ్ మెడలోనూ దండ పడుతుంది. ఆ కోచ్ ఎక్కడ, ఎలా నేర్చుకున్నాడని ఎవరూ అడగరు. ఇవాళ అదే అడుగుదాం. జిల్లా స్టేడియం బ్యాడ్మింటన్ కోచ్ గారు, జడ్పీ హైస్కూల్ పీఈటీ మేడమ్ మనతో ఉన్నారు. సార్, బాగా ఆడినవాళ్లంతా బాగా నేర్పగలరా?

కోచ్: ఆడితే మన ఒంటి సంగతి తెలుస్తుందండి, అంతే. ఎదురుగా పన్నెండేళ్ల పిల్ల. ఎడమచేతి వాటం, షటిల్ అందుకోడానికి కాలు ముందుకు చాచి వంగితే మోకాలు లోపలికి పోతుంది. మన స్మాష్ అక్కడేం పనికొస్తుంది? గోపీచంద్ గారినే చూడండి. 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. కానీ అంతకుముందే ఆరిఫ్ గారి దగ్గర, ప్రకాశ్ పదుకొణె దగ్గర నేర్చుకున్నారు. మోకాలి ఆపరేషన్లు దాటొచ్చారు. కోచింగ్‌ని కింద నిలబడి చూసిన మనిషి ఆయన.

యాంకర్: అంటే కోచ్‌కీ గురువు ఉండాలి.

కోచ్: ఒకరితో సరిపోదు. 2017లో ఇండోనేషియా నుంచి కోచ్ ముల్యో హండోయో వచ్చారు. ఆ ఏడాదే శ్రీకాంత్ నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు కొట్టాడు. 2019లో సింధు ప్రపంచ చాంపియన్ అయినప్పుడు కొరియా కోచ్ కిమ్ జీ హ్యున్ ఆమెతో పనిచేశారు. వాళ్ల పక్కన షటిల్స్ ఫీడ్ చేసే అసిస్టెంట్‌కి అంతకన్నా చదువేముంటుంది?

పీఈటీ: అది గచ్చిబౌలిలో గోపీచంద్ గారి అకాడమీ సంగతి సార్. మా మండలానికి ఎవరొస్తారు?

యాంకర్: కోచ్‌లకు శిక్షణిచ్చే పటియాలా ఎన్‌ఐఎస్, అదే జాతీయ క్రీడా సంస్థ, 1961 నుంచీ ఉంది కదా మేడమ్.

పీఈటీ: కాదనను. శరీరం ఎలా పనిచేస్తుంది, ఎంత లోడ్ ఇవ్వాలి, అవన్నీ అక్కడ నేర్చుకోవాల్సిందే. కానీ డిప్లొమా చేతికొచ్చాక మన గ్రౌండ్‌కి వచ్చి చూసేదెవరు? పరీక్షలన్నీ పిల్లలకే. వరంగల్ వైపు కల్లెడ అమ్మాయి దీప్తి, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం తెచ్చింది. టీ20 విభాగం, అంటే మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్లది. కోచ్ నాగపురి రమేశ్ గారు. అలాంటి అమ్మాయికి ఏ మాట ఎలా చెబితే ఎక్కుతుందో ఆమెను చూసే తెలుసుకోవాలి. సిలబస్ అంతవరకూ రాదు.

కోచ్: ఇంకో జబ్బుంది మాకు. మంచి డ్రిల్ దొరికితే పక్క అకాడమీవాడికి చెప్పం. పిల్లల్ని లాక్కుపోతాడని భయం. ఫీజుల మీద బతుకు మరి.

యాంకర్: కోచ్‌ల సెలెక్షన్ బోర్డులో మీరుంటే?

కోచ్: సర్టిఫికెట్లు పక్కన పెట్టించి, పదిమంది పిల్లల్నిచ్చి గంటసేపు నేర్పమంటా.

పీఈటీ: గంటసేపు ఎవరైనా హుషారుగానే నేర్పుతారు సార్. మూడు నెలలాగి అదే పిల్లల్ని చూడాలి.

కోచ్: మూడు నెలలు జీతమెవరిస్తారు మేడమ్?

పీఈటీ: ఇప్పుడు చూడకుండానే ఇస్తున్నారు కదండీ.