పొద్దున సీతానగరం, సాయంత్రం ఉప్పలపాడు: నా బ్యాగులో నిజంగా పనికొచ్చినవి

అందరికీ నమస్కారం అండి. ముందు ఈ మెమరీ కార్డు చూడండి. వేలి గోరంత ఉంది. దీని మీద 128 జీబీ అని రాసి ఉంది, లోపల ఉన్నది మాత్రం 32. ఈ సంగతి నాకు తెలిసేసరికి మా అమ్మ, పెద్దమ్మ కలిసి కొండపల్లి వెళ్లిన రోజు ఫొటోల్లో సగానికి పైగా పోయాయి.

పోయినేడు మాట. కోట చూసి కిందకి దిగి బొమ్మల కాలనీకి వెళ్లాం. పెద్దమ్మ దశావతారాల సెట్టు బేరం చేస్తోంది. అక్కడ ఒకాయన తెల్లపొణికి చెక్కతో చేసిన బొమ్మకి చెయ్యి అతికిస్తున్నారు. చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసే మక్కు ఉంటుంది కదా, దాంతో. పెద్దమ్మ బేరం సంగతి మర్చిపోయి ఆయన పక్కనే నేల మీద చతికిలబడి చూస్తూ ఉండిపోయింది. ఆ ఫొటో నేను తీశాను. కెమెరా తెర మీద బాగానే కనిపించింది. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే బొమ్మల దగ్గర తీసినవన్నీ బూడిదరంగు డబ్బాలే. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా "ఆ బొమ్మల దగ్గర తీసిన ఫొటో ఏదిరా?" అని అడుగుతుంది.

అందుకే ఈ వీడియోలో కెమెరాల గురించి మాట్లాడను. ఊరు చూడ్డానికి వెళ్లేవాళ్లు డబ్బు ముందు పెట్టాల్సింది కెమెరా మీద కాదు, దాని చుట్టూ ఉండే చిన్న వస్తువుల మీద అని నా గట్టి నమ్మకం. దసరా రద్దీ తగ్గాక, అక్టోబర్‌లో ఒక ఆదివారం అమ్మని తీసుకుని గుంటూరు నుంచి బయల్దేరాను. సీతానగరం ఘాట్, ఉండవల్లి, మంగళగిరి, తిరుగుదారిలో ఉప్పలపాడు. నా దగ్గరున్న సామాను మొత్తం ఆ ఒక్కరోజులో వాడి చూశాను. మోడళ్ల పేర్లు చెప్పను, అవి ఆరు నెలలకోసారి మారిపోతుంటాయి. ఏం చూసి కొనాలో చెబుతాను, అది మారదు.

కార్డు సంగతి ముందు పూర్తి చేస్తాను. మెమరీ కార్డు లోపల కంట్రోలర్ అని ఒక చిప్పు ఉంటుంది. "నాలో ఇంత చోటుంది" అని కెమెరాకి చెప్పేది అదే. దొంగ కార్డు చేసేవాళ్లు దానిచేత అబద్ధం చెప్పిస్తారు. 32 జీబీ నిండేదాకా అంతా బాగానే ఉంటుంది. ఆ తర్వాత రాసింది పాతదాని మీదైనా పడుతుంది, లేదా గాల్లో కలిసిపోతుంది. కెమెరాకి మాత్రం అనుమానం రాదు, సేవ్ అయిందనే చూపిస్తుంది. నేను దాన్ని ఒక చిన్న షాపులో చవగ్గా వస్తోందని తీసుకున్నాను, బిల్లు కూడా అడగలేదు.

ఇప్పుడు కొత్త కార్డు కొనగానే చేసే పని ఒకటే. విండోస్ కంప్యూటర్ అయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్ అయితే ఎఫ్3 అనే ప్రోగ్రాముతో దాన్ని పరీక్షించడం. రెండూ ఉచితమే. కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివి, రాసిందీ చదివిందీ ఒకటేనా అని సరిచూస్తాయి. 128 జీబీ కార్డుకి గంటకు పైగానే పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి. దయచేసి ఈ ఒక్కటి మాత్రం చేయండి.

ఇంకో మాట. కార్డు మీద వీ30 అనే గుర్తు చూడండి. సెకనుకి కనీసం 30 ఎంబీ ఆగకుండా రాయగలదని అర్థం. యాక్షన్ కెమెరాలో 4కే వీడియో 100 ఎంబీపీఎస్ (అంటే సెకనుకి 100 మెగాబిట్లు, ఎనిమిది మెగాబిట్లు కలిస్తే ఒక ఎంబీ) దగ్గర తీసినా సెకనుకి పన్నెండున్నర ఎంబీయే అవుతుంది. గంటకి 45 జీబీ. వీ30 మనకి సరిపోతుంది, వీ60, వీ90 అని ఎక్కువ పెట్టక్కర్లేదు.

సరే, సీతానగరం. తెల్లవారుజామున ఐదున్నరకి ఘాట్ దగ్గర కారు దిగాం. ఆకాశం ఇంకా నీలంగానే ఉంది, ఎదురుగా ప్రకాశం బ్యారేజీ దీపాలు నీళ్లలో పడి మెరుస్తున్నాయి. ఇంతకంటే మంచి సమయం దొరకదు అనుకుని ఫోన్ ఎత్తాను. తెరంతా పాలు పోసినట్టు తెల్లగా ఉంది. లెన్సు పాడైందేమోనని టెన్షన్ పడ్డాను. జరిగింది ఏమిటంటే, దారంతా కారులో ఏసీ వేసుకుని వచ్చాం. ఫోన్ చల్లబడిపోయింది. బయట కృష్ణ ఒడ్డు గాలి, తేమతో నిండి ఉంది. చల్లటి గ్లాసు బయటపెడితే చెమట్లు పట్టినట్టే, లెన్సుకీ పట్టింది. తుడిస్తే మళ్లీ పడుతుంది. పది, పదిహేను నిమిషాలు ఆగాలి, అంతే. ఆ లోపు నీలం వెలుగు సగం పోయింది. ఇప్పుడు నేను చేసేది చెబుతాను: చేరడానికి పావుగంట ముందు ఏసీ ఆపి కిటికీలు దించేస్తాను, లేదా కెమెరాని జిప్ కవర్లో పెట్టి, బయటి వేడికి అలవాటు పడ్డాకే తెరుస్తాను. చెమ్మ కవరు మీదే పడుతుంది, లెన్సు మీద కాదు.

దీపాలున్న చోట వీడియో తీసేటప్పుడు ఇంకో చిక్కు. ఇదిగో నా మొదటి క్లిప్పు, బల్బులు రెపరెపలాడుతున్నాయి చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. చాలా దీపాలు సెకనుకి వందసార్లు వెలిగి తగ్గుతాయి, మన కంటికి తెలియదు. ఫోన్ సెకనుకి 30 ఫ్రేముల లెక్కన, షట్టర్ సెకనులో 60వ వంతుగా పెట్టుకుంటే ఆ రెండింటికీ లయ కుదరదు. ప్రో మోడ్‌లో షట్టర్‌ని 50లో ఒక వంతు చేశాను, 25 ఫ్రేములు పెట్టాను. రెండో క్లిప్పు ఇది. నిలకడగా ఉంది కదా?

బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. 1957లో పూర్తయింది, టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అంత పొడవుని ఒక్క ఫొటోలో పట్టాలని అందరం పనోరమా తీస్తాం. పనోరమాలో తిన్నని బ్యారేజీ విల్లులా వంగిపోతుంది. దానికంటే ఒక చివరికి వెళ్లి, గేట్ల వరుస వెంబడే చూస్తూ తీయండి. స్తంభాలు ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ పోతాయి, పొడవు ఎంతో కంటికి తెలుస్తుంది.

ఇప్పుడు నాకు ఈ ట్రిప్పులో అన్నింటికంటే ఎక్కువ నచ్చిన వస్తువు. క్లిప్పుతో ఫోన్‌కి తగిలించే పోలరైజర్ ఫిల్టర్. దీన్ని సీపీఎల్ అంటారు. నేను కొన్నది వెయ్యి రూపాయల లోపే. రెండు రింగులు ఉంటాయి, గాజు ఉన్న పైదాన్ని వేలితో తిప్పుతాం. ఎడమవైపు ఫొటో ఫిల్టర్ లేకుండా తీసింది: నీళ్ల మీద తెల్లటి తళుకు, వెనక ఇంద్రకీలాద్రి పాలిపోయి ఉంది. కుడివైపుది అదే చోట, అర నిమిషం తేడాతో తీసింది. కొండ మీది పచ్చదనం వచ్చేసింది, ఒడ్డు దగ్గర నీటి కింద మెట్టు కూడా కనబడుతోంది. ఎడిటింగ్‌తో రంగు పెంచుకోవచ్చు గానీ, తళుకు కింద దాక్కున్నదాన్ని ఎడిటింగ్ తీసుకురాలేదు. అందుకే దీన్ని అంతగా మెచ్చుకుంటున్నాను.

ఒక కిటుకు ఉంది. సూర్యుడు మీకు ఎడమకో కుడికో ఉండాలి. ఎదురుగా ఉంటే ఆకాశానికి ఇది ఏమీ చేయదు. సీతానగరం వైపు నుంచి పొద్దున్నే ఇంద్రకీలాద్రిని చూస్తే సూర్యుడు కుడిచేతి వైపు ఉంటాడు, ఈ ఫిల్టర్‌కి అంతకంటే మంచి చోటు ఉండదు. చీకటి పడ్డాక మాత్రం తీసేయండి, వెలుగు సగానికి పైగా తినేస్తుంది.

అక్కడి నుంచి ఉండవల్లి దగ్గరే. కొండని తొలిచిన నాలుగంతస్తుల గుహ, క్రీస్తుశకం నాలుగు, ఐదు శతాబ్దాల నాటిదని చెబుతారు. లోపల శేషతల్పం మీద పడుకున్న అనంతపద్మనాభుడు. ట్రైపాడ్‌కి పురావస్తు శాఖ అనుమతి కావాలి కాబట్టి అది కారులోనే ఉంచాను. చీకట్లో చెయ్యి వణక్కుండా తీయడానికి వైరు ఇయర్‌ఫోన్స్ వాడాను. కెమెరా యాప్ తెరిచి ఉన్నప్పుడు చాలా ఫోన్లలో దాని వాల్యూమ్ బటన్ నొక్కితే ఫొటో పడుతుంది. ఫోన్‌ని రెండు చేతులతో ఛాతీకి ఆనించి, ఊపిరి బిగబట్టి, అమ్మని బటన్ నొక్కమన్నాను. నైట్ మోడ్‌లో మూడు సెకన్ల ఫొటో. స్వామి పాదాల దగ్గర చెక్కడం ఎంత స్పష్టంగా వచ్చిందో పెద్దది చేసి చూపిస్తున్నాను. ఫ్లాష్ వేస్తే రాయి చదునుగా, బోసిగా వస్తుంది. పక్కనుంచి పడే పగటి వెలుగులోనే ఉలి గాట్లు కనబడతాయి.

పై అంతస్తు వసారాలో, కూర్చున్న విగ్రహాల పక్కన అమ్మని నిలబెట్టి ఒకటి తీశాను. స్తంభం నీడ సగం ముఖం మీద పడింది. "ఎండలోకి రానా?" అంది. వద్దమ్మా, అక్కడే ఉండు అన్నాను. ఈ రోజుకి నాకు అన్నింటికంటే ఇష్టమైన ఫొటో అదే.

మధ్యాహ్నానికి మంగళగిరి చేరేసరికి ఫోన్ మొరాయించింది. డ్యాష్‌బోర్డు మీద పెట్టి, మ్యాప్స్ నడుపుతూ, ఛార్జింగ్ కూడా పెట్టాను. అద్దంలోంచి పడే ఎండకి తెర మసకబడింది, ఛార్జింగ్ ఆగిపోయింది. ఇది ఫోన్ లోపం కాదు, బ్యాటరీని కాపాడుకోవడానికి అది చేసే పని. ఆపిల్ తన ఫోన్లని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. మన బెజవాడలో వేసవి వచ్చిందంటే నీడలోనే 40 దాటుతుంది! అందుకే ఫోన్ హోల్డర్ కొంటే అద్దానికి అతికేది వద్దు, ఏసీ గాలి వచ్చే చోట తగిలేది కొనండి. వేడెక్కిన ఫోన్‌ని ఐస్ పక్కన పెట్టకండి, పొద్దున లెన్సుకి పట్టిన చెమ్మే ఈసారి లోపల పడుతుంది.

పవర్ బ్యాంక్ లెక్క కూడా ఇక్కడే చెబుతాను. 10,000 ఎంఏహెచ్ అంటే 5,000 ఎంఏహెచ్ ఫోన్ రెండుసార్లు నిండుతుందని అనుకుంటాం. ఆ 10,000 లోపలి సెల్ లెక్క, 3.7 వోల్టుల దగ్గర. గుణిస్తే 37 వాట్ అవర్స్. బయటికి 5 వోల్టులో, 9 వోల్టులో చేసి పంపేటప్పుడు కొంత వేడిగా పోతుంది. నాకు ఒకటిన్నర సార్లు వచ్చింది, అది మంచి ఫలితమే. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఉంటుంది, బయటికి నిజంగా వచ్చేది అదే, ఆ అంకెని పోల్చుకుని కొనండి. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు లేకపోతే చవగ్గా ఇచ్చినా తీసుకోవద్దు. విమానంలో వెళ్లేవాళ్లు దాన్ని చేతి సంచిలోనే పెట్టుకోవాలి, 100 వాట్ అవర్స్ దాకా మామూలుగా అనుమతిస్తారు. 20,000 ఎంఏహెచ్ అయితే 74, ఇబ్బంది లేదు.

లక్ష్మీనరసింహస్వామి గుడి గాలిగోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారు కట్టించారు. కింద నిలబడి అల్ట్రావైడ్‌తో తీస్తే వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. వీధి వెంట బాగా వెనక్కి నడిచి, రెండింతల జూమ్‌తో తీయండి, నిటారుగా నిలబడుతుంది. గింబల్ (వీడియో కుదుపుల్లేకుండా ఫోన్‌ని పట్టి ఉంచే పిడి) కూడా అక్కడే బయటకి తీశాను, ఐదు నిమిషాల్లో లోపల పెట్టేశాను. కుటుంబంతో వెళ్లేవాళ్లకి అది బరువు. ఇప్పటి ఫోన్ల స్టెబిలైజేషన్ చాలు.

సాయంత్రం నాలుగింటికి ఉప్పలపాడు. చెరువులో తుమ్మ చెట్లు, చెట్ల నిండా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. ఊళ్లోకి అడుగుపెట్టకముందే వాటి అరుపులు వినబడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. ఇక్కడ డ్రోన్ ఎగరేయాలని ఎవరికైనా అనిపిస్తే, చేతులెత్తి దండం పెడతాను, వద్దండి. గూళ్లలో పిల్లలుంటాయి.

ఫోన్ జూమ్ పదింతలకి లాగితే ఈకలన్నీ కలిసి ముద్దలా వచ్చాయి. అందుకని ఎనిమిదింతలు పెద్దదిగా చూపే 8×42 బైనాక్యులర్స్, దానికి ఫోన్ బిగించే చిన్న అడాప్టర్ తీసుకెళ్లాను. కంటిగాజు మధ్యలోకి ఫోన్ లెన్సు రావాలి, పిసరు పక్కకి జరిగినా అంచులు నల్లబడతాయి. సరిచేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఒకసారి కుదిరాక అమ్మ తెరలోకి తొంగిచూసి, "గొంతు కింద సంచీ ఊగుతోంది చూడరా" అంది. నిజంగా కనబడుతోంది, ఎండకి గూడబాతు గొంతు సంచీ అల్లల్లాడిస్తోంది. నేనైతే అది గమనించేవాణ్ణి కాదు. ఖరీదైన టెలిఫొటో కొనేముందు ఈ దారి ఒకసారి ప్రయత్నించండి. ఫొటో తీయనప్పుడు ఇంట్లోవాళ్లు పక్షుల్ని చూసుకోవచ్చు కూడా.

చెరువు గట్టు మీద కూర్చునే కాపీ మొదలుపెట్టాను. టైప్ సి కార్డు రీడర్ ఫోన్‌కి పెట్టి, ముందు ఫోన్‌లోకి, తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి. ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. పెన్‌డ్రైవ్ అమ్మ హ్యాండ్‌బ్యాగులో పెట్టాను, నా బ్యాగు పోయినా అది ఉంటుంది. డేటా కోసం ఛార్జింగ్ కేబుల్ వాడేవాళ్లు ఒకటి చూసుకోండి: ఫోన్‌తో వచ్చేవి చాలావరకు యూఎస్‌బీ 2.0, పెద్ద వీడియోలకి నెమ్మదిగా ఉంటాయి.

ఉండవల్లి వసారాలో అమ్మ ఫొటో ఆ రాత్రే పెద్దమ్మకి పంపాను. "ఈసారి నన్నూ తీసుకెళ్లు, కొండపల్లికే" అంది. సంక్రాంతి తర్వాత వెళ్తున్నాం. పరీక్షించిన కార్డులు రెండు పక్కన పెట్టాను.

మీ సందేహాలు కామెంట్లలో రాయండి, ఒక్కొక్కటిగా జవాబు ఇస్తాను. ఇప్పుడు ఆ గూడబాతు క్లిప్పు పూర్తిగా వేస్తున్నాను, ఒకటిన్నర నిమిషం ఉంటుంది. మధ్యలో మాట్లాడను, పక్షుల గొంతులే వినండి.