బడి గేటు ముందు ముప్పై

వేదిక మీది పెద్దలకు, తల్లిదండ్రుల కమిటీ సభ్యులకు, చంటిపిల్లలను ఎత్తుకుని వెనక నిలబడిన తల్లులకు నమస్కారం. పేరుపేరునా సంబోధించడం మర్యాదే. అయితే నాకు ముందు మాట్లాడిన ముగ్గురూ ఆ మర్యాదకే ఇరవై నిమిషాలు వెచ్చించారు కాబట్టి, నా వంతును కూడా వారి ఖాతాలోనే జమ చేసుకోవలసిందిగా కోరుతున్నాను.

నేను ఈ కర్నూలులో ముప్పై ఒక్క సంవత్సరాలు లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మన బడి గేటు ముందు బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదని అడిగే అర్జీ గురించి ఈ రోజు కూడా లెక్కతోనే మొదలుపెడతాను. మన బడి గేటుకు అటూ ఇటూ రెండు కరెంటు స్తంభాలున్నాయి. వాటి మధ్య దూరం టేపుతో కొలిస్తే 30 మీటర్లు వచ్చింది. నెల రోజులుగా ఉదయం బడి గంట కొట్టే వేళకు సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఎదుటి అరుగు మీద కూర్చుంటున్నాను. ముందరి చక్రం మొదటి స్తంభం దాటగానే ఒక నొక్కు, రెండోది దాటగానే మరో నొక్కు. 3.6 సెకండ్లు పడితే ఆ బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు, 1.8 సెకండ్లే పడితే 60. మొన్న బుధవారం ఒక తెల్ల కారు 1.8లో దాటింది. సరిగ్గా అప్పుడే రెండో తరగతి పిల్లవాడొకడు రేగిపండ్ల బండి దగ్గరకు పోదామని, నిలిపి ఉన్న రెండు ఆటోల సందులోంచి తల బయటపెట్టాడు. చెప్పు ఊడింది. వంగి దాన్ని సరిచేసుకున్నాడు. లేచేసరికి కారు లేదు. వాడికి ఏమీ తెలియదు. చెప్పు తొడుక్కుని పోయి రేగిపండ్లు కొనుక్కున్నాడు.

అడ్డం వచ్చిన పిల్లవాణ్ణి చూసి బ్రేకు మీద కాలు వేయడానికి ఎంత చురుకైన మనిషికైనా దాదాపు ఒక సెకను పడుతుంది. 60 వేగంలో ఆ సెకనులోనే బండి పదహారు మీటర్లకు పైగా పోతుంది, ఆ తరువాతే బ్రేకు పని మొదలవుతుంది. 30 వేగంలో ఉన్న బండి, పొడి రోడ్డు మీద, ఆ సెకనుతో కలిపి పదమూడు మీటర్ల లోపలే పూర్తిగా ఆగిపోగలదు. అంటే నిదానంగా వచ్చిన బండి ఆగిన చోటికి, వేగంగా వచ్చిన బండి బ్రేకైనా పడకుండా చేరుతుంది. వేగం రెట్టింపైతే తాకిడి శక్తి నాలుగు రెట్లవుతుందని తొమ్మిదో తరగతిలో అందరం చదువుకున్నాం, పరీక్షలో రాశాం కూడా.

ఇక చట్టం సంగతి. 2018 ఏప్రిల్ 6 నాటి కేంద్ర ప్రభుత్వ నోటిఫికేషన్ ప్రకారం పురపాలక పరిధిలోని రోడ్ల మీద గరిష్ఠ వేగం కారుకు 70, మోటారు సైకిలుకు 60, ఆటోకు 50. కాబట్టి ఆ తెల్ల కారు ఆ నోటిఫికేషన్ పరిమితిని దాటలేదు. నా బాధంతా ఇక్కడే ఉంది. అయితే 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 112వ సెక్షను, ప్రజల భద్రత కోసం అవసరమనుకుంటే ఫలానా రోడ్డు మీద ఇంతకంటే తక్కువ పరిమితి పెట్టే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వానికీ, అది అధికారమిచ్చిన వారికీ కల్పించింది. గెజిట్‌లో ప్రకటించాలి, రోడ్డు మీద బోర్డు నిలబెట్టాలి, అంతే. 2020 ఫిబ్రవరిలో స్వీడన్‌లోని స్టాక్‌హోమ్‌లో రోడ్డు భద్రత సభకు చేరిన దేశాలు, నడిచేవారూ వాహనాలూ కలగలిసిపోయే చోట 30 దాటరాదని ప్రకటించాయి. ఆస్ట్రియాలో గ్రాజ్ అనే నగరం 1992లోనే ఆ పని చేసింది. మన అర్జీలో అడుగుతున్నది అంతకు మించి ఏమీ కాదు.

ఈ అర్జీ కొత్తది కూడా కాదు. నాలుగేళ్ల కిందట ఇదే మాట రాసి నేను ఒక కార్యాలయానికి పోయాను. రోడ్డు మాది కాదు, ఫలానా వారిదన్నారు. ఆ ఫలానా వారు, రోడ్డు మాదే గానీ వేగం మాది కాదన్నారు. వేగం చూసేవారు, బోర్డు లేనిదే మేమేం చేస్తామన్నారు. బోర్డు కోసం మళ్లీ మొదటి కార్యాలయానికి పోతే, అప్పటికే నా ఫోనుకు ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని సందేశం వచ్చి ఉంది. జనవరి రాగానే మాత్రం రోడ్డు భద్రత పేరిట ర్యాలీ తీస్తారు, జాగ్రత్తగా నడవండి అని రాసిన ప్లకార్డులు పిల్లల చేతికే ఇస్తారు. నడిపేవాడికి చెప్పవలసిన మాటను నడిచేవాడి చేత మోయించడం నాకు ఏనాడూ అర్థం కాలేదు.

విసిగిపోయి నేనొక తప్పు చేశాను. ఈ మాట చెప్పడానికే నిజానికి ఈ రోజు ఒప్పుకుని వచ్చాను. మా వీధి కుర్రవాళ్లను పోగుచేసి, తలా కొంత చందా వేసుకుని, ఒక ఆదివారం రాత్రి ఈ గేటు ముందు మేమే కంకర, సిమెంటు కలిపి స్పీడ్ బ్రేకర్ వేశాం. జానెడు ఎత్తు, మూరెడు వెడల్పు. ఎత్తు ఎంత ఉంటే అంత మంచిదని చెప్పినవాణ్ణి నేనే. తెల్లవారుజామున నాలుగున్నరకు, ఇంకా చీకటి విడవకముందే, పాలు పోసే ఆయన టీవీఎస్ బండి మీద రెండు క్యాన్లు కట్టుకుని అలవాటైన రోడ్డే గదా అని వచ్చాడు. నేను పోయేసరికి పాలు కాలువ దాకా పారి ఉన్నాయి, ఆయన కుడిచేయి ఎడమచేత్తో పట్టుకుని రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. భుజం ఎముక విరిగింది. నన్ను తిట్టలేదు. “సారూ, గడ్డ వేసినోళ్లు దానికింత సున్నమన్నా కొట్టొద్దా?” అన్నాడు.

ఆ తరువాత, రోడ్లకు కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే సంస్థ ప్రమాణాలు తెప్పించి చదివాను. స్పీడ్ బ్రేకర్ ఎత్తు పది సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలట. అంటే బండి ఎగిరిపడకుండా ఏటవాలుగా ఎక్కి దిగాలి; దాని మీద చారలు ఉండాలి, ముందుగా హెచ్చరించే బోర్డు ఉండాలి. లెక్కల అయ్యవారినై ఉండి కొలత చూసుకోకుండా రోడ్డు మీద గోడ కట్టాను. అది కూడా మూడు వారాలే ఉంది. ఎవరో పెద్దమనిషి కాన్వాయ్ వస్తుందని ఒక రాత్రిలో చదును చేసేశారు. నాలుగేళ్లలో ఏ కార్యాలయమూ కదపలేకపోయిన పని ఒక్క రాత్రిలో జరిగింది, కాకపోతే తిరగబడి జరిగింది.

ఈ ఊరు 1953లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు గుడారాలలో ఆఫీసులు నడిచాయని మా నాయన చెప్పేవారు. మూడేళ్లకే రాజధాని పోయింది, పేటలకు క్యాంపుల పేర్లు మిగిలాయి. గుడారాలలో రాష్ట్రాన్ని నడిపిన ఊరికి రెండు బోర్డులు పాతడం చేతకాదంటే నేను నమ్మను.

ఇంకొక్క మాట. మీలో పిల్లలను బండి మీద తెచ్చేవారు చేతులెత్తండి. దించకండి, అట్లే ఉంచండి. మొదటి గంట కొట్టిన తరువాత ఆ స్తంభాల మధ్య 2 సెకండ్లలో పోయే బండ్లలో చాలావాటి వెనక సీటు మీద మన బడి యూనిఫారమే కనిపిస్తోంది. ఆలస్యమైందని మీ పిల్లవాణ్ణి దించడానికి పక్కింటి పిల్లవాడి మీదికి వస్తున్నారు. అర్జీ మీద సంతకం పెట్టేవారు, రేపటి నుంచి పది నిమిషాలు ముందుగా బయల్దేరే వారైతేనే పెట్టండి. నేను అరుగు మీదే ఉంటాను, స్టాప్‌వాచ్ కూడా ఉంటుంది. ఇప్పుడు దించవచ్చు.

సోమవారం ఉదయం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని రాశాం. బడి వేళల్లో 30 పరిమితి, రెండు వైపులా బోర్డులు, కొలత ప్రకారం స్పీడ్ బ్రేకర్ అడిగాం. ఈసారి రసీదు మీద తేదీ, ముద్ర లేనిదే కదలకూడదు. కాగితాలు వేపచెట్టు కింద బల్ల మీద ఉన్నాయి, వేలిముద్ర వేసే అవ్వల కోసం సిరా పెట్టె కూడా ఉంది. మొదటి వరుస మాత్రం వదిలి రెండో వరుస నుంచి మొదలుపెట్టండి. సాయంత్రం పాలు పోసి ఇటే వస్తానని ఆయన అన్నాడు. పెడతాననీ అనలేదు, పెట్టననీ అనలేదు.