కాగితం మీద గీసిన లెక్క

శ్రోతలకు నమస్కారం.

సుమారు ఇరవై ఏళ్ల కిందట మా మామయ్యగారి షష్టిపూర్తి పత్రిక మేటర్‌ని ఒంగోలులో టైప్ చేయించి, చెన్నైలో ఉన్న మాకు మెయిల్‌లో పంపారు. ఇక్కడ ప్రెస్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం లేదు, అన్నీ పిచ్చిగీతలు. వాళ్లు వాడిన ఫాంట్ ఇక్కడ లేదు. ముహూర్తం దగ్గరపడుతోందని ఒకటే టెన్షన్. చివరికి మామయ్య ఫోన్లో చదువుతుంటే నేను చేత్తో రాసుకున్నాను.

ఇప్పుడు ఆ బాధ తప్పింది. అందుకు కారణమైనవాటిలో, మనలో చాలామంది పేరు కూడా వినని ఒక ఆపరేటింగ్ సిస్టమ్, అంటే విండోస్‌లా కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్, ఉంది. దాని పేరు ప్లాన్ 9. అమెరికాలోని పరిశోధన సంస్థ బెల్ ల్యాబ్స్‌లో, యూనిక్స్ అనే పాత సిస్టమ్‌ని తయారుచేసిన బృందమే దీన్నీ తయారుచేసింది. ప్రపంచ భాషల అక్షరాలకు నంబర్లిచ్చే యూనికోడ్ అప్పటికే వచ్చింది. ఆ నంబర్లను ఫైల్లో ఎలా దాచాలన్నదే చిక్కు. 1992 సెప్టెంబరులో ఆ బృందంలోని కెన్ థాంప్సన్, రాబ్ పైక్ న్యూజెర్సీలో ఒక హోటల్లో రాత్రి భోజనానికి కూర్చుని, పళ్లెం కింద వేసే కాగితం మీద ఒక పద్ధతి గీశారు. అదే యూటీఎఫ్-8. కంప్యూటర్లో చోటుని కొలిచే బైట్ల లెక్కలో, ఇంగ్లీషు అక్షరానికి ఎప్పటిలాగే 1 బైటు, మన 'క'కి 3 బైట్లు. రెండూ ఒకే ఫైల్లో ఇమిడిపోతాయి. కొద్ది రోజుల్లోనే ప్లాన్ 9 మొత్తాన్నీ ఆ పద్ధతికి మార్చేశారు.

కోట్లమంది వాడే సిస్టమ్‌ని అలా రోజుల్లో మార్చగలరా? పాత ఫైళ్లు తెరుచుకోవాలి, పాత ప్రింటర్లు పనిచేయాలి. ప్లాన్ 9కి ఆ బరువు లేదు. మార్కెట్లో అది నిలబడలేదు, నిజమే. "ఎంతమంది వాడుతున్నారు?" అన్న ఒక్క ప్రశ్నతో ఇలాంటివాటిని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఓపెన్‌బీఎస్‌డీ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్లూ తక్కువే. కానీ 1999లో ఆ బృందం విడుదల చేసిన ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అనే సాఫ్ట్‌వేర్ లేకుండా ఇవాళ చెన్నై ఓఎంఆర్‌లోని ఐటీ ఆఫీసుల్లో మన పిల్లలకు పని సాగడం కష్టం. ఎక్కడో ఉన్న సర్వర్లలోకి భద్రంగా వెళ్లే దారి అది.

అందరం ఒకే సిస్టమ్ మీద ఆధారపడితే ఏమవుతుందో 2024 జులై 19న చూశాం. ఒక భద్రతా సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో తప్పు దొర్లి, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు.

మన చెన్నైలోనే, కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ కేంద్రంలో, బాస్ లినక్స్ అనే సిస్టమ్ తయారైంది. భారతీయ భాషల్లో పనిచేసుకునే వీలు అందులో ఉంది. తాంబరంలో ఉంటున్న మామయ్యగారి మనవరాలు తన పాత ల్యాప్‌టాప్‌లో దాన్ని వేసుకుంది. వచ్చే నెల ఆయన సహస్ర చంద్ర దర్శనం. పత్రిక మేటర్ అందులోనే టైప్ చేసి ఒంగోలు పంపింది. మామయ్య ఫోన్లో తెరిచి మొత్తం చదివి, గోత్రం దగ్గర ఒక దీర్ఘం తప్పిందని చెప్పారు.