అడవి పోతే ముందు పోయేది వాన

హోస్ట్: నమస్తే అందరికీ. ఈ వారం ఉష్ణమండల అడవుల గురించి. పర్యావరణం మీద చాలా ఏళ్ళుగా రాస్తున్న అక్క మనతో ఉన్నారు. అక్కా, అడవులు నరికితే కార్బన్ పెరుగుతుంది, భూమి వేడెక్కుతుంది అని అందరం వింటూనే ఉన్నాం. మీరేమో ముందు నీళ్ళ సంగతి మాట్లాడదాం అన్నారు. ఎందుకని?

అతిథి: కార్బన్ దెబ్బ మెల్లగా, ప్రపంచమంతా పడుతుంది. నీళ్ళ దెబ్బ మాత్రం ఆ అడవి చుట్టుపక్కల ఉన్నవాళ్ళకే ముందు తగులుతుంది. అమెజాన్‌నే తీసుకో. అట్లాంటిక్ మీద నుంచి తేమ గాలి వచ్చి వాన పడుతుంది. ఆ నీళ్ళని చెట్లు వేళ్ళతో తోడి, ఆకుల్లోంచి ఆవిరిగా వదులుతాయి. ఆ ఆవిరి ఇంకాస్త లోపలికి పోయి మళ్ళీ వానవుతుంది. ఎనియాస్ సలాతి అనే బ్రెజిల్ శాస్త్రవేత్త, ఆయన బృందం 1970లలో వాన నీటిలోని బరువైన, తేలికైన ఆక్సిజన్ పరమాణువుల పాళ్ళని పరీక్షించి, అమెజాన్‌లో పడే వానలో దాదాపు సగం అడవి తిప్పి పంపినదేనని తేల్చారు.

హోస్ట్: సగమా! అంటే చెట్లు తగ్గేకొద్దీ వాన కూడా తగ్గుతుందన్నమాట.

అతిథి: అవును, అది కూడా అక్కడితో ఆగదు. ఆ తేమ ఆండీస్ పర్వతాలకి తగిలి దక్షిణానికి మళ్ళుతుంది. దక్షిణ బ్రెజిల్, పరాగ్వే, ఉత్తర అర్జెంటీనా పొలాలకి వానలు ఇచ్చేవాటిలో అదొకటి. ‘ఎగిరే నదులు’ అంటారు వాటిని. పశువుల మేతకనీ, సోయాకనీ అడవి కొట్టేస్తున్నారు. ఆ సోయాకి కావాల్సిన వానేమో ఆ అడవి నుంచే రావాలి. ఇప్పటికే అమెజాన్ అడవిలో ఆరో వంతుకి పైగా పోయింది. 20 నుంచి 25 శాతం పోతే చాలా భాగం మళ్ళీ అడవిగా నిలవలేకపోవచ్చని థామస్ లవ్‌జాయ్, కార్లోస్ నోబ్రే అనే శాస్త్రవేత్తలు 2018లో హెచ్చరించారు. ఎంత దగ్గరికి వచ్చామో చూడు.

హోస్ట్: వింటుంటేనే టెన్షన్‌గా ఉంది. 2023లో డాల్ఫిన్లు చచ్చిపోయాయని వార్తలొచ్చాయి కదా, అది ఇక్కడే కదా?

అతిథి: అక్కడే, బ్రెజిల్ అమెజాన్‌లోని తెఫే సరస్సులో. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆ ఏడాది ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కడం, ఒకవైపు, అట్లాంటిక్ సముద్రం వేడి ఇంకోవైపు. వానలు సరిగా పడలేదు. నీళ్ళు బాగా తగ్గిపోయి సరస్సు పలచబడింది. మబ్బు లేదు, గాలి లేదు, నీళ్ళు బురదబురదగా ఉన్నాయి. బురద నీళ్ళు ఎండ వేడిని ఇంకా ఎక్కువ పీల్చుకుంటాయి. నీటి ఉష్ణోగ్రత 39 డిగ్రీలు దాటిపోయింది. మనకి జ్వరం వస్తే ఒళ్ళు ఉండేంత వేడి.

హోస్ట్: అంత వేడి నీళ్ళలో డాల్ఫిన్ ఎలా తట్టుకుంటుంది?

అతిథి: తట్టుకోలేదు. ఒంట్లో వేడిని నీళ్ళలోకి వదిలితేనే అది బతుకుతుంది. చుట్టూ ఉన్న నీళ్ళే ఒంటికంటే వేడిగా ఉంటే ఎక్కడికి వదులుతుంది? సెప్టెంబర్ 28న ఒక్క రోజే దాదాపు 70 కళేబరాలు తేలాయి. కొన్ని వారాల్లో 150 దాటాయి. గులాబీ రంగు బోటో డాల్ఫిన్లు, వాటికంటే చిన్నవి తుకుషీలు. ఆడ డాల్ఫిన్ కొన్ని ఏళ్ళకోసారి ఒక్క పిల్లని కంటుంది. పోయిన సంఖ్య మళ్ళీ నిండడానికి ఎన్ని తరాలు పడతాయో ఆలోచించు.

హోస్ట్: మరి మనుషుల సంగతి?

అతిథి: ఆ ఊళ్ళకి నదే రోడ్డు. స్కూలు, ఆసుపత్రి, బజారు, ఎక్కడికెళ్ళాలన్నా బోటే. నీళ్ళ మీద తేలే ఇళ్ళు బురదలో కూరుకుపోయాయి. బోట్లు కదల్లేదు. ప్రపంచంలోనే అతి పెద్ద నదీ వ్యవస్థ మధ్య ఉండి తాగడానికి నీళ్ళు లేక, బయట నుంచి వచ్చే సాయం కోసం చూశారు. మనావుస్ నగరం దగ్గర అమెజాన్‌లో కలిసే రియో నెగ్రో నది నీటి మట్టాన్ని 1902 నుంచి రాస్తున్నారు. 2023లో ఆ రికార్డులన్నిటికంటే కిందికి దిగింది. మరుసటి ఏడాది ఇంకా కిందికి దిగింది.

హోస్ట్: సరే, ఇదంతా వాన లేకపోవడం గురించి. వరదల సంగతేంటి? అడవి ఉంటే వరదలే రావని కొందరంటారు.

అతిథి: అలా అనడం సరికాదు. కుండపోత వాన ఆగకుండా పడితే ఏ అడవీ పూర్తిగా ఆపలేదు. అయితే అడవి నేల స్పాంజిలా గుల్లగా ఉంటుంది, నీళ్ళు లోపలికి ఇంకుతాయి. కొండవాలు మట్టిని వేళ్ళు పట్టుకుని ఉంటాయి. అది లేనప్పుడు ఏం జరుగుతుందో ఫిలిప్పీన్స్‌లోని ఒర్మాక్ పట్టణం చూసింది. 1991 నవంబర్ 5. గాలి వేగం చూస్తే అదేం పెద్ద తుఫాను కాదు. వాన మాత్రం గట్టిగా పడింది. పట్టణం పైన కొండల మీద అడవి ఏనాడో పోయి చెరకు, కొబ్బరి తోటలొచ్చాయి. నీళ్ళు కొన్ని గంటల్లోనే పట్టణం మీద పడ్డాయి. నది మధ్య ఇస్లా వెర్దే అనే చోట పేదవాళ్ళ గుడిసెలుండేవి, అవి కొట్టుకుపోయాయి. మొత్తం మీద వేలమంది పోయారు. అడవి కొట్టి లాభం తిన్నవాళ్ళు నది ఒడ్డున గుడిసెల్లో లేరు. నాకు ఇందులో అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే.

హోస్ట్: థాయిలాండ్‌లో ఇలాంటిదే జరిగాక చట్టం తెచ్చారని చదివాను.

అతిథి: 1988 నవంబర్‌లో దక్షిణ థాయిలాండ్‌లో వరదతో పాటు నరికి పడేసిన దుంగలు కొండల మీద నుంచి ఊళ్ళ మీద పడ్డాయి. జనం కోపానికి ప్రభుత్వం 1989 జనవరిలో దేశమంతటా అడవుల్లో కలప నరకడం ఆపేసింది. మంచిదే. కానీ కలప వ్యాపారం పక్క దేశాల అడవుల మీద పడింది. ఒక దేశం ఒంటరిగా చేస్తే ఇలాగే ఉంటుంది.

హోస్ట్: ఇండోనేషియాలో అడవి మంటల పొగ కూడా పక్క దేశాల దాకా వెళ్ళింది కదా?

అతిథి: అక్కడ అసలు సమస్య నేలే. బోర్నియో దీవిలో ఇండోనేషియా భాగమైన కాలిమంతన్‌లో వేల ఏళ్ళుగా ఆకులు, కొమ్మలు నీళ్ళలో కుళ్ళకుండా పేరుకున్న పీట్ నేలలున్నాయి. 1990లలో వరి పండిస్తామని పది లక్షల హెక్టార్లలో కాలువలు తవ్వి నీళ్ళు బయటికి పంపేశారు. వరి పండలేదు, నేల ఎండిపోయింది. ఎండిన పీట్ నేల కింద కూడా నిప్పు నడుస్తుంది. ఇక్కడ ఆర్పితే అక్కడ లేస్తుంది. 2015లో ఇండోనేషియాలో సుమారు 26 లక్షల హెక్టార్లు కాలాయి. ఒరాంగుటాన్లు ఉండే చెట్లూ పోయాయి, పిల్లలు నెలల తరబడి ఆ పొగే పీల్చారు.

హోస్ట్: ఇంత విన్నాక ఎవరైనా ఆపగలిగారా అని అడగాలనిపిస్తోంది.

అతిథి: ఆపారు. బ్రెజిల్ అమెజాన్‌లో 2004లో 27,772 చదరపు కిలోమీటర్ల అడవి పోయింది. 2012కల్లా 4,571కి తగ్గింది. మెరీనా సిల్వా పర్యావరణ మంత్రిగా ఉన్నప్పుడు మొదలైన పని అది. శాటిలైట్‌లో నరుకుడు కనిపించగానే అధికారులు అక్కడికి వెళ్ళేవాళ్ళు. ఎక్కువ నరికిన మున్సిపాలిటీల్లో నియమాలు పాటించని భూస్వాములకి బ్యాంకు అప్పులు దొరక్కుండా బిగించారు. ఆదివాసుల భూములకి హద్దులు గుర్తించారు. తర్వాత ప్రభుత్వం చూసీచూడనట్టు వదిలేసరికి 2021లో మళ్ళీ 13,000 చదరపు కిలోమీటర్లు దాటింది. గట్టిగా పట్టుకుంటే మళ్ళీ తగ్గింది. కాబట్టి చేతకాదనే మాట నేను ఒప్పుకోను.

హోస్ట్: మరి 2024లో ప్రపంచంలో చాలా అడవి పోయిందని వార్తలొచ్చాయి కదా, ఎందుకు?

అతిథి: మంటల వల్ల. ఆ ఏడాది ప్రపంచంలో 67 లక్షల హెక్టార్ల ఉష్ణమండల ఆదిమ అడవి, అంటే మనిషి నరకని పాత అడవి, పోయింది. ఎప్పుడూ వ్యవసాయం మొదటి కారణంగా ఉండేది, ఈసారి మంటలు దాన్ని దాటేశాయి. తడి అడవి దానంతట అది అంటుకోవడం చాలా అరుదు. పక్క పొలంలో ఎవరో పెట్టిన నిప్పు, కరువుకి ఎండిన అడవిలోకి పాకుతుంది. ఒకసారి కాలితే చెట్ల కొమ్మల పందిరి పలచబడి ఎండ లోపలికొస్తుంది, మరుసటిసారి ఇంకా తేలిగ్గా అంటుకుంటుంది.

హోస్ట్: అంటే గొడ్డలిని ఆపినా సరిపోదు. ఇప్పుడు మీ చేతిలో డబ్బుంటే మొదట ఎక్కడ పెడతారు?

అతిథి: మంటలార్పే స్థానిక బృందాల మీద. బ్రెజిల్‌లో ప్రభుత్వం ఆదివాసీ యువకులని ఇలాంటి బృందాల్లోకి తీసుకుంటోంది. ఎండాకాలం ముదరక ముందే గడ్డి మైదానాల్లో కొద్దికొద్దిగా తగలబెట్టి పెద్ద మంటకి దారి లేకుండా చేయడం వాళ్ళకి తరతరాలుగా తెలిసిన పని. 2024 జూలైలో బ్రెజిల్ తెచ్చిన చట్టం కూడా ఆ పద్ధతిని గుర్తించింది. కాకపోతే వాళ్ళలో చాలామందిని మంటల సీజన్ వరకే పెట్టుకుంటారు, నిప్పు రాకుండా చూసుకునే పనేమో ఏడాది పొడవునా ఉంటుంది. వాళ్ళకి పన్నెండు నెలల జీతం ఇవ్వాలి. నా దగ్గర డబ్బుంటే మొదటి రూపాయి అక్కడికే పోతుంది.